ఆకుతోటలోకి బూట్లతో

పొద్దున కాఫీ గ్లాసు చేతిలోకి రాకముందే ఫోనులోకి ఆకులు వచ్చి పడతాయి. మినుము ఆకు, వరి ఆకు, అరటి ఆకు, పసుపు ఆకు. సగం ఫొటోల్లో ఆకు కంటే దాన్ని పట్టుకున్న బొటనవేలే స్పష్టంగా ఉంటుంది. కింద ఒకటే వాక్యం: "మేడం, ఏం మందు కొట్టాలి?" వచ్చిన తెగులేమిటో ఎవరికీ అక్కర్లేదు, సీసా పేరు కావాలి. కొల్లూరు లంకల్లో అరటి వేసిన ఒకాయన, మందుల షాపువాడు ఇచ్చిన నాలుగు మందులూ కలిపి కొట్టేసి, ఐదోది ఏదో చెప్పమని నాకు ఫోన్ చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదా, మావాళ్ళు ఆకులు కూడా కాలిపోయాకే నన్ను పట్టుకుంటారు.

నేను మొక్కల తెగుళ్ళు చూసే మనిషిని. బాపట్లలో చదువుకున్నాను, తెనాలిలో కాపురం, అటు రేపల్లె దాకా ఇటు కాకుమాను దాకా పొలాలు తిరగడం ఉద్యోగం. ఇరవై ఏళ్ళు దాటింది. కుడి మోకాలు అరిగిపోయింది. సెలవురోజు కూడా దారిలో ఏ గట్టు మీద మొక్క పసుపుపచ్చగా కనిపించినా కళ్ళు అటే పోతాయి, అది నాకు చిరాకు. అలసిపోయానని మా ఇంట్లో చెబితే, రిటైర్మెంటు ఇంకా ఎన్నేళ్ళుందో లెక్కపెట్టి చెబుతారు తప్ప ఇంకేం అనరు.

ఊళ్ళలో నన్ను తెగుళ్ళ మేడం అంటారు. మొదట్లో ఆ పిలుపు వినడానికి కష్టంగా ఉండేది, తెగుళ్ళన్నీ నేనే సంచిలో వేసుకుని తిరుగుతున్నట్టు. తర్వాత అలవాటైంది. ఆ పేరు నాకు అచ్చంగా సరిపోయిన రోజు ఒకటుంది. ఇప్పుడు రాస్తున్నది దాని గురించే. ఊరు కాకుమాను చుట్టుపక్కల అని మాత్రం చెబుతాను. మనుషుల పేర్లు రాయను, ఎందుకో చివరికి తెలుస్తుంది.

ఆ ఊళ్ళో ఒక పెద్దాయనకి అరెకరం తమలపాకు తోట ఉంది. ఆయనా, ఆయన భార్యా, ఇద్దరే చేసుకుంటారు. నేను ఆయన్ని బాబాయిగారని, ఆవిడని పిన్నిగారని పిలుస్తాను. తమలపాకు తోట చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. వరసలుగా అవిశ చెట్లు పెంచి, వాటి మీదికి తీగ పాకిస్తారు. తీగ జారిపోకుండా నానబెట్టిన జమ్ము గడ్డితో చెట్టుకి కడుతూ పోవాలి, అది ఏడాది పొడుగునా ఉండే పని. చుట్టూ దడి కడతారు, లోపలికి వెళ్ళడానికి ఒక తడిక. లోపల మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా, పచ్చగా, నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఈ తడే ఆకుకి ప్రాణం, తెగులుకి కూడా అదే ప్రాణం.

ఆకుతోటని మావైపు మామూలు పొలంలా చూడరు. లక్ష్మి ఉండే చోటంటారు. తడిక బయట చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కునే లోపలికి వెళ్ళాలి. అందుకోసం తడిక పక్కన నీళ్ళ తొట్టి, దాని మీద ఒక ఇత్తడి చెంబు ఉంటాయి. ఆకు కోయడానికి వచ్చే కూలివాళ్ళయినా, కొనడానికి వచ్చే షావుకారైనా అంతే. దీనితో పాటు ఇంకో కట్టుబాటు ఉంది. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు లోపల అడుగు పెట్టకూడదు, పెడితే తీగ ఎండిపోతుందంటారు.

నేను మొదటిసారి ఆ తోటకి వెళ్ళింది వానాకాలం చివర్లో. ఆ పొద్దున్నే రేపల్లె దగ్గర నగరం అనే ఊరి వైపు వేరే తమలపాకు తోట చూసి వస్తున్నాను. ఆ తోట చచ్చిపోయింది. మొదలు కుళ్ళు తెగులు, అంటే మట్టిలోంచి వచ్చి తీగ మొదట్లో పట్టుకుని, వేరుని నల్లగా మెత్తగా చేసి, పైనున్న తీగనంతా పది రోజుల్లో వాల్చేసే తెగులు. ఆ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని తీగలు పెరికి చూశాను. కుళ్ళిన వేళ్ళ వాసన చేతుల్ని వదల్లేదు. ఆ రైతు నేను పెరికిన ఒక్కో తీగనీ ఏరుకుంటూ నా వెనకే నడిచాడు, అది ఏడవడం కన్నా ఘోరంగా ఉంది. బయటికొచ్చి బూట్లని గట్టు మీద గడ్డికేసి తుడుచుకుని జీపెక్కాను. బాపట్లలో భోజనం చేసి కాకుమాను వైపు బయల్దేరాను. అప్పటికే తల పగిలిపోతోంది.

తడిక దగ్గర పిన్నిగారు చెంబు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమనుకోమాకండమ్మా. మీరు లోపలికి రావచ్చుగా? ఇబ్బందేం లేదుగా?"

నిజానికి ఆ రోజు నాకు ఏ ఇబ్బందీ లేదు. లేదని చెప్పడం ఇష్టం లేకపోయింది. మా ఇంట్లో నెలకి మూడు రోజులు వరండా మూల చాప మీద కూర్చుని పదో తరగతి చదివినదాన్ని నేను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఏ మగ ఆఫీసరునీ ఎవరూ ఏ తడిక దగ్గరా ఆపి ఇలాంటి ప్రశ్న అడగలేదు. ఒళ్ళు మండిపోయింది.

"నేను డాక్టర్ని పిన్నిగారూ, మొక్కల డాక్టర్ని. డాక్టర్ని ఇవన్నీ అడుగుతారా?" అన్నాను.

"అడగాలిగా అమ్మా, మా అత్తగారి కాడ్నించీ ఉన్నదే. పోనీలెండి, చెప్పులిక్కడ ఇడిచి కాళ్ళు కడుక్కుని రండి" అంది చెంబు ముందుకి చాపి.

నేను ఆ చెంబు వైపు చూడలేదు. బూట్లతోనే తడిక తోసుకుని లోపలికి నడిచాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే అదే. కాళ్ళు కడుక్కోమన్న మాటలో తప్పేమీ లేదని, పైగా అది మా పుస్తకాల్లో ఉన్న మాటేనని నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఒక తోట మట్టి ఇంకో తోటకి వెళ్ళకూడదని శిక్షణ తరగతుల్లో రైతులకి చెప్పేదాన్ని నేనే. కానీ ఆ రెండు మాటలూ ఒకే నోటి నుంచి, ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి నాకు రెండూ ఒకటే అయిపోయాయి.

బాబాయిగారు చెప్పుల్లేని కాళ్ళతో నా వెనక వచ్చాడు. మూడో వరస వెంట తడిక నుంచి అవతలి మూల దాకా నడిచాను. ఆయన నన్ను పిలిచింది చిన్న విషయానికి, మూల నాలుగు తీగల మీద ఆకుమచ్చ వచ్చింది. ఆ ఆకులు గిల్లి తగలబెట్టమని చెప్పి పది నిమిషాల్లో బయటపడ్డాను. అంత నిండుగా ఉన్న తోట ఆ ఏడు నేనెక్కడా చూడలేదు. తిరిగి తెనాలి వస్తున్నంతసేపూ ఆవిడ అడిగిన మాటే తలచుకుని రగిలిపోయాను.

మూడు వారాలకి ఫోన్ వచ్చింది. బాబాయిగారు ఫొటో పంపలేదు, మాట్లాడాడు.

"తీగ వాలిపోతందమ్మా. ఒకసారి వచ్చి చూడండి."

వెళ్ళాను. తడిక దాటి నాలుగడుగులు వేసి ఆగిపోయాను. మొదటి వరస బాగుంది. రెండోది బాగుంది. మూడో వరస తడిక దగ్గర నుంచి అవతలి మూల దాకా పసుపుపచ్చగా వాలిపోయి ఉంది. మూల దగ్గర, నేను నిలబడి ఆకులు చూసిన చోట, గుండ్రంగా పది పన్నెండు తీగలు పోయాయి. ఒక తీగ పట్టుకుని లాగితే చేతిలోకి ఊడొచ్చింది. మొదలు నల్లగా, మెత్తగా, అదే వాసన.

తెగులు కాలవ నీళ్ళలో రావచ్చు. కూలివాళ్ళ కాళ్ళతో రావచ్చు. నారుతీగలోనే ఉండి వానలకి బయటపడొచ్చు. కోర్టులో ఎవరైనా అడిగితే ఇవన్నీ చెప్పి తప్పించుకోగలను. కానీ ఆ వరస పొడుగునా చూస్తుంటే నాకు నా బూట్ల అచ్చులు కనపడుతున్నాయి.

"ఎందుకొచ్చిందమ్మా ఇది?" అని బాబాయిగారు వెనక నుంచి అడిగాడు.

"నీళ్ళు ఎక్కువయ్యాయి బాబాయిగారూ. మురుగు పోయే దారి సరిగ్గా లేదు" అన్నాను.

అందులో కొంత నిజం ఉంది. ఆయన చేయి కొంచెం ధారాళమే, మురుగుకాలవ కూడా పూడిపోయి ఉంది. సగం నిజంతో ఆడే అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వస్తుందో ఆ రోజు తెలిసింది. రిజిస్టరులో కారణం అన్న గడిలో కూడా నీటి నిలవ అనే రాశాను.

తడిక దగ్గర నిలబడి వింటున్న పిన్నిగారు వెంటనే అందుకుంది. "నే మొత్తుకుంటానే ఉన్నానమ్మా. ఈయనకి నీళ్ళ పిచ్చి. చాలయ్యా అంటే ఇంటేనా. తెచ్చాడుగా మీదికి."

ఆయన తల వంచుకుని, రాలిన ఆకులు ఏరుతూ ఉండిపోయాడు. "ఇది పోతే మళ్ళీ వేసే వయసు కాదమ్మా నాది" అని మాత్రం అన్నాడు. అది నిజమే. అవిశ పెరిగి, తీగ పాకి, కోతకి రావాలంటే ఏడాది పైన పడుతుంది. అంతకాలం తినడానికి వాళ్ళకి వేరే ఏమీ లేదు. తోట పోతే ఆ వయసులో ఇద్దరూ పక్క తోటల్లో ఆకు కోతకి కూలికి వెళ్ళాలి. చాలాసార్లు చూశాను అలా.

ఆ రోజు నుంచి వారం వారం వెళ్ళాను. అది నా పని జాబితాలో లేదు. జీపు ఇవ్వరు కాబట్టి తెనాలిలో బస్సెక్కి పొన్నూరు, అక్కడ నుంచి ఆటో. ఒక్కో వారం బస్సులో కూర్చుంటే దిగాలనిపించేది కాదు, అలాగే ఎటో వెళ్ళిపోవాలనిపించేది. కానీ తడిక దగ్గరికి వెళ్ళగానే ముందు బూట్లు విప్పేదాన్ని. చెంబు నేనే అడిగి తీసుకునేదాన్ని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సామెత. అడుసు తొక్కడమే ఉద్యోగమైన మనిషికి కాలు కడగడం ఒక్కటే మిగులుతుంది, నేను దాన్నే వదిలేశాను.

పిన్నిగారు ఆ పాత ప్రశ్న మళ్ళీ నన్ను అడగలేదు. ఒకసారి నేనే కదిలించాను. "కాళ్ళు ఎవర్నయినా కడుక్కోమనండి పిన్నిగారూ, వదలకండి. ఆ రెండో మాట మాత్రం ఎవర్నీ అడక్కండి. దానికీ తీగకీ సంబంధం లేదు" అన్నాను. ఆవిడ చెంబు తొట్టి మీద పెట్టి, "మా అత్తగారు నన్నడిగేది. ఆ రోజుల్లో తడిక బయట ఎండలో కూచునేదాన్ని. నాక్కూడా ఒళ్ళు మండేదమ్మా" అంది. ఆ మాటకి నేను తయారుగా లేను. నా కోపం ఎవరి మీద పడాలో తెలియలేదు.

చచ్చిన తీగలు పెరికి దూరంగా తగలబెట్టించాను. మురుగుకాలవలు లోతు చేయించాను. తడిక ముందు చిన్న గుంట తీయించి మైలుతుత్తం నీళ్ళు పోయించి, ఎవరు వచ్చినా అందులో అడుగేసి రమ్మన్నాను. తర్వాత బోర్డో మిశ్రమం. మైలుతుత్తం ఒక బకెట్‌లో, సున్నం ఒక బకెట్‌లో విడివిడిగా కలిపి, రెండూ మూడో డ్రమ్ములోకి ఒకేసారి పోయాలి. తర్వాత చాకు ముంచి చూడాలి, చాకు మీద తుప్పు రంగు తేలితే ఇంకాస్త సున్నం పడాలి. పాత మందు, చవక మందు, షాపువాళ్ళు దీని పేరెత్తరు. మేం ముగ్గురం డ్రమ్ము చుట్టూ చేరి ఆకాశం రంగులో ఉన్న ఆ నీళ్ళు కర్రతో తిప్పుతుంటే పిన్నిగారు, "ఆకుంది, సున్నముంది, వక్కే తక్కువమ్మా" అంది. ఆ నెలల్లో ముగ్గురం కలిసి నవ్వింది అప్పుడే.

మందు కొట్టిన తోటలో ఆకు కోయకూడదు. వాళ్ళ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో నేను అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు. తెగులు మూడో వరస నుంచి నాలుగుకి, అక్కడి నుంచి ఐదుకి పాకింది. ప్రతి వారం పిన్నిగారు ఆయన్ని నా ముందే తిట్టేది. "అరెకరం తోట నీళ్ళలో ముంచాడు. ఊళ్ళో ఎవురి తోటకీ రాంది మనకే ఎందుకొచ్చింది? ఈ మనిషి చెయ్యి." ఆయన ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. జమ్ము పాయలు వేళ్ళతో విడదీస్తూ కూర్చునేవాడు. నేను మందు కొలిచే గ్లాసులోకి చూస్తూ ఉండేదాన్ని. తిరుగు బస్సులో వచ్చే వారం చెప్పేయాలనుకునేదాన్ని, వచ్చే వారం మళ్ళీ బస్సెక్కేదాన్ని.

చలి ముదిరేసరికి తెగులు ఆగింది. సగం తోట మిగిలింది. చచ్చిన సగంలో అవిశ చెట్లు ఒంటరిగా నిలబడి ఉన్నాయి, వాటికి కట్టిన జమ్ము ముడులు తీగలు లేకుండా అలాగే వేలాడుతున్నాయి. మిగిలిన సగంలో కొత్త చిగురు వచ్చింది. సగం తోటతో ఇద్దరు మనుషులు బతకగలరు, నెమ్మదిగా మిగతా సగం వేసుకోగలరు. ఒక్కో తీగ మొదలూ చూసుకుంటూ చివరి దాకా వెళ్ళి వచ్చి, బయట దడి నీడలో కూర్చున్నాను. పిన్నిగారు అన్నం తేవడానికి ఇంటికి వెళ్ళింది. బాబాయిగారు తొట్టి పక్కన జమ్ము నానబెడుతున్నాడు.

ఇంక ఆపుకోలేకపోయాను. "బాబాయిగారూ, మీ తోటకి తెగులు నీళ్ళవల్ల రాలేదు. నావల్ల వచ్చింది. ఆ రోజు వేరే తోట బురద బూట్లతో లోపలికి నడిచాను. తర్వాత మీతో అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆయన జమ్ముని నీళ్ళలోకి ఇంకోసారి అదిమాడు. "తెలుసమ్మా" అన్నాడు.

తలెత్తి ఆయన వైపు చూశాను.

"మీరు నడిచిన సాలేగా ముందు పోయింది. నే మీ ఎనకే వచ్చాను. నాక్కళ్ళున్నాయిగా."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే మీరు మళ్ళీ రారుగా" అన్నాడు, అందులో దెప్పిపొడుపేమీ లేకుండా. "మీరు రాకపోతే ఆ సగం కూడా పోయిద్ది. ఇంకెవురొస్తారు మాకు?"

ఇన్నేళ్ళలో నాకు ఎవరైనా శిక్ష వేసి ఉంటే అది ఆ మాటే. కళ్ళు తుడుచుకుని, "పిన్నిగారు రాగానే ఆవిడకి చెప్పేస్తాను. మిమ్మల్ని ఇన్ని నెలలుగా తిడుతోంది, నేను వింటూ కూర్చున్నాను" అన్నాను.

ఆయన మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూశాడు. "వద్దమ్మా. ఆవిడకి చెప్పమాకండి. తను ఆ మాట అడగబట్టే మీకు కోపమొచ్చిందని, కోపమొచ్చే చెప్పులిడవలేదని ఇట్టే తెలుసుకుద్ది. తనే తోటని చంపాననుకుద్ది. నన్నయితే నాలుగు తిట్టి అన్నం పెట్టిద్ది. తనని తను తిట్టుకోవటం మొదలెడితే అన్నం తినదు."

ఇంతలో గట్టు మీద పిన్నిగారు క్యారియరు పట్టుకుని వస్తూ కనిపించింది. దగ్గరికొచ్చి క్యారియరు దించి, నన్ను చూసింది.

"ఏంటమ్మా, మొహం అట్టా ఉంది? ఎండ తగిలిందా?" అంటూ చెంబుతో నీళ్ళు ముంచి, నేను వద్దంటున్నా నా కాళ్ళ మీద పోసింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. వేళ్ళ సందుల్లోని రేగడి మట్టి కరిగి గుంటలోకి పోయింది. పోస్తూనే ఆయన వైపు చూసి మొదలుపెట్టింది. "మీరన్నా చెప్పండమ్మా ఈయనకి. కొత్త తీగ వేస్తాడంట, మళ్ళీ నీళ్ళు తెగ పెట్టి ముంచుతాడు. నా మాట ఇనడు, మీ మాటైతే ఇంటాడు."

బాబాయిగారు జమ్ము మీంచి తల ఎత్తి నా వైపు చూశాడు.

"నీళ్ళు తగ్గించండి బాబాయిగారూ" అన్నాను.

"అట్టాగేనమ్మా" అన్నాడాయన.